ఆరకనే, ఆరాకనే

మేస్త్రీ రాసిచ్చిన చీటీ మీద పెద్దక్క పెన్ను పెట్టిన వేళ ఎలాంటిదో గానీ, ఆ తర్వాత రెండు వారాలపాటు ఆ ఇంట్లో ఎవరికీ తిండి సహించలేదు, కంటికి కునుకు పట్టలేదు.

పెద్దక్క అంటే ఆ వీధికంతా పెద్దక్కే. కుట్టుపని ఆవిడది. ముందుగదిలో రెండు మిషన్లు, గోడకు వేలాడే కొలతల పుస్తకం, మెడలో ఎప్పుడూ దండలా టేపు. ఆవిడ భర్త బడిపిల్లలకు ఈత నేర్పే మాస్టారు. ఆయన వయసులో ఉన్నప్పుడు ఇంటి వెనక ఖాళీ జాగాలో చిన్న ఈతకొలను కట్టించుకున్నాడు. ఇరవై అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు, ఎంత లోతుకు వెళ్లినా నీళ్లు రొమ్ము దాటవు. ఆ వీధి పిల్లలు సగంమంది అందులోనే ఈత నేర్చుకున్నారు. వాళ్లంతా పెద్దవాళ్లై పోయారు. ఇప్పుడు ఆ కొలనులోకి రోజూ దిగే మనిషి ఒక్కతే, చిన్నది.

చిన్నది అంటే పెద్దక్క చెల్లెలు. యాభై రెండేళ్లు నిండినా ఆ పిలుపు మారలేదు. తెలుగు టీచరుగా పాతికేళ్లు చేసింది. షుగరు వచ్చి, ఆ షుగరు మెల్లగా అరికాళ్లలోకి దిగి, అక్కడ స్పర్శ అన్నది లేకుండా చేసింది. నేల మీద నడుస్తుంటే కాలు ఎక్కడ పడిందో ఆవిడకు తెలియదు. పది అడుగులు వేస్తే పదకొండోది తడబాటే. అదే నీళ్లలోనైతే, గోడ వెంట బిగించిన గొట్టం పట్టుకుని, రాణిలా నలభై చుట్లు నడుస్తుంది. అందుకే బడి మానేసి అక్క ఇంటికి వచ్చి చేరింది. డాక్టరు అక్కచెల్లెళ్లిద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టుకుని రెండే రెండు మాటలు చెప్పాడు. నీళ్లలో నడక మానితే కాళ్లు కుర్చీకి అలవాటు పడిపోతాయి. కాళ్లకు గాయం మాత్రం కానివ్వొద్దు, ఈవిడకు నొప్పి తెలియదు కాబట్టి తెలిసేసరికి కాలు దక్కకపోవచ్చు. రెండో మాట విన్న రోజునుంచీ పెద్దక్క ఇంట్లో సూది కింద పడితే దొరికేదాకా మంచినీళ్లు ముట్టేది కాదు.

కొలను అడుగున పాత పూత పెచ్చులు పెచ్చులుగా లేస్తుంటే కొత్త పూత వేయించాలనుకున్నారు. మేస్త్రీని పిలిచారు. మనిషి మంచివాడు, మాట మెత్తన, పని కూడా తెలిసినవాడే. కాకపోతే ఒకచోట పని చేస్తూ ఇంకోచోటికి మాట ఇచ్చే రకం. పాత పూతంతా చెక్కించి, రెండు రోజులు కష్టపడి కొత్తది లాగాడు. ఆఖరి రోజు మధ్యాహ్నం ఎవరో ఫోను చేసి అరిచారు. అంతే, కాళ్లు కడుక్కుని బయల్దేరాడు.

"పని అయిపోయినట్టేనమ్మా. ఇక మీరు చెయ్యాల్సింది ఒక్కటే. మర్చిపోతారేమో, రాసిస్తాను" అని చెవి మీదున్న పెన్సిలు తీసి, సిమెంటు సంచి కాగితం చింపి, మోకాలి మీద పెట్టుకుని రాసి, మిషను మీద పెట్టి వెళ్లిపోయాడు. మాస్టారు ఇంట్లో లేడు. పోటీలకని బడిపిల్లల్ని తీసుకుని పక్క ఊరు వెళ్లాడు, అయిదారు రోజులదాకా రాడు.

పెద్దక్క చేతిలో ఉన్న జాకెట్టుకు చివరి హుక్కు కుట్టి, కళ్లజోడు సర్దుకుని చీటీ చదివింది.

"పూత ఆరకనే నీళ్లు వదలండి. సగంలో ఆపొద్దు."

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. పెద్దక్క చదువు అయిదో తరగతితో సరి. చిన్నది హాస్టల్లో ఉండి చదువుకునే రోజుల్లో ఆవిడ చెల్లెలికి వారం వారం ఉత్తరం రాసేది. ఆ మహాతల్లి జవాబుతో పాటు అక్క రాసిన ఉత్తరాన్ని కూడా ఎర్రసిరాతో దిద్ది వెనక్కి పంపేది. "అక్కా, 'నిను చూడలని ఉంది' కాదే, 'నిన్ను చూడాలని ఉంది'. దీర్ఘాలేమైనా నీ సొమ్మా, అంత పొదుపు?" అని చివర్లో ఒక చురక. ఇన్నేళ్లలో పెద్దక్క దీర్ఘం కనబడితే దణ్ణం పెట్టే స్థితికి వచ్చింది. అలాంటి మనిషికి తనకంటే పొదుపరి ఒకడు దొరికాడు. ఆవిడకు ముచ్చటేసింది. పాపం, ఈ మేస్త్రీ కూడా నాలాగే దీర్ఘం మింగేశాడు అనుకుంది. పచ్చి పూత మీద నీళ్లు పోస్తే కొట్టుకుపోదూ? ఎవరైనా ఆరాకే కదా పోస్తారు! కొలతలు రాసుకునే నీలం పెన్ను తీసి, 'ర' మీద తలకట్టును పక్కకు సాగదీసి, ఆరకనేని ఆరాకనే చేసి, తృప్తిగా చీటీని గోడ మేకుకు గుచ్చింది.

మూడు రోజులు ఎండబెట్టింది. కాకి వాలితే చెయ్యి విదిలించింది. పూత బూడిదరంగుకు తిరిగింది, అక్కడక్కడా వెంట్రుకంత గీతలు పడ్డాయి. బాగా ఆరింది అనుకుంది. నాలుగోనాడు పొద్దున్నే కుళాయి తిప్పింది. సాయంత్రానికి కొలను నిండింది. చీటీలో ఉన్నట్టు సగంలో ఆపలేదు కూడా.

"ఇంకెన్నాళ్లే?" అంది చిన్నది మర్నాడు లేస్తూనే. "మూడు వారాలైంది. నా కాళ్లు కొయ్యలైపోయాయి. బావ వచ్చేదాకా ఆగితే పాచి పడుతుంది, నాకూ నీళ్లకూ."

"నీళ్లు కాస్త మడ్డిగా ఉన్నాయే."

"కొత్తపూత పొడి అయ్యుంటుంది. నేను తాగబోతున్నానా?"

దిగింది. దిగిన క్షణంనుంచీ ముఖం వెలిగిపోయింది. గొట్టం పట్టుకుని ఇరవై చుట్లు నడిచింది, మధ్యలో ఏదో పద్యం రాగం తీసింది. పెద్దక్క గట్టుమీద కూర్చుని కాజాలు కుడుతూ విన్నది. ఎన్నాళ్లకు విన్నానమ్మా ఈ గొంతు అనుకుంది.

చిన్నది మెట్ల మీదికి వచ్చి కూర్చుంది. పెద్దక్క తెల్ల తువ్వాలు పరిచి, ఎప్పటిలాగే చెల్లెలి పాదాలు ఒళ్లోకి తీసుకుని తుడిచింది. తువ్వాలు మీద పాదం అచ్చు పడింది. ఎర్రగా.

"ఏమిటే, అలా అయిపోయావు?" అంది చిన్నది.

పెద్దక్క రెండో పాదం తిప్పి చూసింది. మడమనుంచి వేళ్లదాకా తురుముపీట మీద లాగినట్టు సన్నగా, దగ్గరదగ్గరగా గీతలు. అన్నింటిలోనూ నెత్తురు. చిన్నది తువ్వాలు చూసింది, తన పాదం చూసుకుంది, మళ్లీ తువ్వాలు చూసింది. వేరే ఎవరిదో అన్నట్టు చూసింది.

వీధి చివర నర్సమ్మ పరుగున వచ్చింది. కడిగి, మందు వేసి, కట్టు కట్టి, పెద్దక్కను వంటింట్లోకి పిలిచింది.

"లోతు లేవు, అదొక్కటే అదృష్టం. పన్నెండు రోజులు తడి తగలకూడదు. రెండు పూటలా కట్టు విప్పి చూడండి. నల్లబడినా, వాసన వచ్చినా, కాలు వేడెక్కినా, నాకోసం కూడా చూడొద్దు. ఆసుపత్రికి వెళ్లిపోండి."

"వేడి అంటే ఎంత వేడమ్మా?"

"మీ చెంపకు తెలుస్తుంది."

ఆనాటినుంచీ పెద్దక్కకు అదే పని. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి అన్నది నర్సమ్మ మాట. పెద్దక్క గంటకోసారి. మిషను తొక్కుతూ తొక్కుతూ లేచి వెళ్లి, చెల్లెలి పాదానికి చెంప ఆనించి వచ్చేది. వేడిగా ఉందా, నా చెంపే వేడెక్కిందా? ఒక్కోసారి మాస్టారి పాదానికి ఆనించి పోల్చుకునేది. పోటీలనుంచి వచ్చి బూట్లు విప్పీ విప్పకముందే ఆయనకు ఈ మర్యాద జరిగింది.

ఆయన ముందు కొలను ఖాళీ చేయించాడు. దిగి అరచెయ్యి పెట్టి, చురుక్కుమంటే తీసేశాడు. వేలితో గీకితే ఇసుక రాలింది. "ఇది పూతా, ఆకురాయా?" అని అక్కడే చతికిలబడ్డాడు. చిన్నది కిటికీలోంచి, "బావా, నీ శిష్యులకు కూడా ఇలాగే తోలు తీసేవాడివటగా" అని నవ్వబోయింది. ఎవరూ నవ్వలేదు. ఆవిడ కూడా మధ్యలోనే ఆపేసింది.

మేస్త్రీకి కబురు మీద కబురు పెడితే మూడోనాటికి వచ్చాడు. కొలనులోకి దిగాడు, చేత్తో తడిమాడు, నోరు తెరిచాడు.

"ఇదేమిటమ్మా ఇలా అయింది! నీళ్లు ఎప్పుడు పెట్టారు?"

"నువ్వు చెప్పినప్పుడే" అంది పెద్దక్క.

"అంటే ఎప్పుడు?"

"ఆరాకనే."

"ఆరకనే పెడితే ఇలా ఎందుకవుతుంది?"

"ఆరాకనే పెట్టాను నాయనా, మూడు రోజులు ఎండబెట్టి మరీ!"

"మూడు రోజులా? నేను ఆరకనే అన్నాను కదమ్మా!"

"నేనూ అదేగా అంటున్నాను, ఆరాకనే అని!"

మాస్టారు ఒకసారి ఈవిడ ముఖం, ఒకసారి మేస్త్రీ ముఖం చూశాడు. "ఇద్దరూ ఒకే మాట అంటున్నారు కదయ్యా. మరి ఈ పోట్లాట ఎందుకు?"

"ఒకటి కాదు సార్" అన్నాడు మేస్త్రీ. "తెల్లారకనే రమ్మంటే చీకట్లో రావాలి. తెల్లారాకనే రమ్మంటే పొద్దెక్కాక రావాలి. ఈ పూత పచ్చిగా ఉండగానే నీళ్లలో మునగాలి. ఎండ తగిలిందా, పైన సున్నమంతా పొడై లేచిపోతుంది, ఇసుక గింజలు పళ్లు బయటపెడతాయి. చీటీ కూడా రాసిచ్చాను!"

"ఆ చీటీయే తెస్తాను చూడు!" అని పెద్దక్క విసవిసా ముందుగదిలోకి వెళ్లి, మేకుకున్న కాగితం పీకి తెచ్చి మేస్త్రీ ముఖం ముందు పెట్టింది.

మేస్త్రీ చదివాడు. కాగితం దగ్గరగా పెట్టుకుని మళ్లీ చదివాడు. చెవి మీద పెన్సిలు ఉందో లేదో తడిమి చూసుకున్నాడు.

"అమ్మా, నా దగ్గర పెన్సిలు తప్ప ఏదీ ఉండదు. ఈ దీర్ఘం నీలంగా ఉంది."

అప్పుడు గుర్తొచ్చింది పెద్దక్కకు. అప్పటిదాకా, చెబితే నమ్మరు గానీ, ఆవిడకు ఆ దీర్ఘం తనదన్న సంగతే జ్ఞాపకం లేదు. చీటీని అలాగే చదివినట్టు, మేస్త్రీ అలాగే రాసినట్టు మనసులో పాతుకుపోయింది. ఇప్పుడు తన వేళ్లు, తన పెన్ను, ఆ తృప్తి, అన్నీ ఒక్కసారి కళ్లముందుకు వచ్చాయి. గట్టు పట్టుకుని కూర్చుంది.

మాస్టారు కాగితం అందుకోబోయాడు. మేస్త్రీ ఇవ్వలేదు. నాలుగు మడతలు పెట్టి పెద్దక్క చేతిలోనే పెట్టాడు.

"పోనీండమ్మా. నీళ్లు పైకి వచ్చేదాకా నేనే ఉండాల్సింది. కాగితం ముక్క పడేసి పోవడం నాదీ తప్పే. మెట్ల దగ్గర ఈ మూల చూశారా, ఈ ఎగుడుదిగుళ్లు ఎండ వల్ల కాదు. ఫోను మోగుతుంటే నేను హడావుడిగా లాగినవి. రేపటినుంచి మనిషిని పెట్టుకుని నేనే రాయితో రుద్దుతాను. పైన ఇంకో పూత వేస్తే నిలవదు, రుద్దడమొక్కటే దారి."

ఆ సాయంత్రం కట్టు విప్పితే ఎడమ మడమ మీద ఒక చుక్క నల్లగా కనిపించింది.

పెద్దక్క దీపం దగ్గరగా పెట్టింది. నలుపే. చెంప ఆనించింది. వేడేనా? వాసన చూసింది. మందు వాసన తప్ప ఏమీ తెలియలేదు. "ఏముందే?" అని చిన్నది అడుగుతుంటే, "ఏం లేదు, ఏం లేదు" అంటూనే చెప్పులు లేకుండా వీధిలో పరుగెత్తింది. నా చేత్తో నేనే, నా చేత్తో నేనే, అని దారి పొడుగునా అదే గొణుగుడు. నర్సమ్మ వచ్చి తడిదూదితో ఆ చుక్కను మెల్లగా నానబెట్టి తుడిచింది. ఎండిన నెత్తురు. కింద లేతగా, గులాబీరంగులో కొత్తచర్మం.

నర్సమ్మ వెళ్లాక పెద్దక్క చెల్లెలి మంచం పక్కన నేలమీద కూర్చుంది. చీటీ తీసి దుప్పటి మీద పెట్టింది.

చిన్నది చదివింది. నీలం దీర్ఘాన్ని వేలితో ముట్టుకుంది.

"ఇది నీ రాత."

"నాదే."

పెద్దక్క తిట్టు కోసం ఎదురుచూసింది. తిడితే బాగుండుననుకుంది.

"పాతికేళ్లలో ఎన్ని వేల దీర్ఘాలు దిద్దానో" అంది చివరికి చిన్నది. "ఒక్కదానికీ నెత్తురు రాలేదు. నువ్వు జన్మకు ఒక్కటి దిద్దావే అక్కా."

"కొట్టవే నన్ను."

"కొడితే నాకేమొస్తుంది? అసలు నిన్ను దీర్ఘాలకు హడలిపోయేలా చేసింది నేనే కదా. నీమీద కోపం లేదు. కానీ ఒకటి విను. నేనింక నీళ్లలోకి దిగను."

"మేస్త్రీ రుద్దుతానన్నాడే. నున్నగా చేస్తాడు."

"అద్దంలా చేసినా దిగను. ఇరవై చుట్లు తిరిగాను. కింద కాళ్లు చీరుకుపోతుంటే నేను పద్యం పాడుకుంటున్నాను. అది తలచుకుంటే ఒళ్లు జలదరిస్తోంది. నా కాళ్లే నాకు చెప్పకపోతే ఇంకెవరు చెబుతారు?" అని గోడవైపు తిరిగి పడుకుంది.

డాక్టరు చెప్పిన మొదటి మాట అప్పుడు పట్టుకుంది పెద్దక్కను. రెండో మాటకే భయపడుతూ ఇన్నాళ్లు మొదటిదాన్ని మరిచింది. పుండు మానుతుంది, సరే. మనిషి కుర్చీకి అంటుకుపోతే?

మేస్త్రీ అన్నమాట ప్రకారం వచ్చాడు. నీళ్లు చల్లుకుంటూ, రాయి పెట్టి అడుగడుగూ రుద్దాడు. నాలుగు రోజులకు, "అయిందమ్మా, చెయ్యి పెట్టి చూడండి" అన్నాడు. పెద్దక్క అరచెయ్యి పెట్టింది. నున్నగానే ఉంది. అయినా నమ్మకం కుదరలేదు. నలభై ఏళ్లు సూదులు పట్టిన చెయ్యి, కాయలు కాసిన చెయ్యి, దానికేం తెలుస్తుంది?

లోపలికి వెళ్లి జార్జెట్టు పీలిక ఒకటి తెచ్చింది. గోరు తగిలితే పోగు లేచే గుడ్డ అది. చీర కుచ్చిళ్లు దోపుకుని, కొలను అడుగున మోకాళ్ల మీద కూర్చుని, ఆ పీలికను నేలమీద పరిచి మెల్లగా లాగడం మొదలుపెట్టింది. ఎక్కడ చిక్కుకుంటే అక్కడ కుట్టుసుద్దతో సున్నా చుట్టింది.

"నలభై కొలనులు చేశానమ్మా. గుడ్డ పెట్టి చూసినవాళ్లు లేరు" అన్నాడు మేస్త్రీ, నవ్వాలో వద్దో తెలియక.

"ఆ నలభయ్యింటిలో కాళ్లకు స్పర్శ లేనివాళ్లు ఎందరు దిగారు నాయనా?"

మేస్త్రీ గంట తర్వాత గట్టెక్కి చూస్తే అడుగంతా సున్నాలే. మళ్లీ రాయి అందుకున్నాడు. మర్నాడు మళ్లీ గుడ్డ. సున్నాలు తగ్గాయి గానీ మెట్ల మూల అలాగే ఉంది. మాస్టారు కూడా దిగి పాకాడు. "నా పెళ్లాం నాతో పాకుడు పోటీ పెట్టింది" అని మేస్త్రీతో అంటూనే గోడలన్నీ తడిమాడు. ఇలా మూడు రోజులు. ఈ చివరనుంచి ఆ చివరదాకా పీలిక ఒక్క పోగు కూడా ఇవ్వకుండా జారిన రోజున, మేస్త్రీ తన వేళ్లు చూసుకుంటూ, "ఇకనుంచి నేనూ ఒక ముక్క జేబులో పెట్టుకుంటానమ్మా" అన్నాడు. పాత పొడి ఒక్క రేణువు లేకుండా కడిగి, నీళ్లు నింపాడు. ఈసారి నీళ్లు గట్టు అంచుకు వచ్చేదాకా కదల్లేదు.

చిన్నది ఇదంతా కిటికీలోంచి చూస్తూనే ఉంది. దిగుతానని మాత్రం అనలేదు. పెద్దక్క కూడా అడగలేదు. అడిగే ముఖం తనకు లేదనుకుంది. నర్సమ్మ కట్టు తీసేసి, "చర్మం గట్టిపడింది, ఇక దిగొచ్చు" అని చెప్పి వెళ్లింది. రెండు రోజులు గడిచాయి. నీళ్లు ఎండలో ఊరికే మెరుస్తున్నాయి.

మూడోరోజు మధ్యాహ్నం లోపల చప్పుడైంది. పెద్దక్క వెళ్లేసరికి చిన్నది నేలమీద ఉంది. మంచంనుంచి అలమరదాకా నాలుగు అడుగులు, ఆ నాలుగూ దాటలేకపోయింది. దెబ్బ తగల్లేదు. పెద్దక్క ముందు పాదాలు పట్టుకుని చూసింది.

"పాదాలు కాదే, మోకాళ్లు" అంది చిన్నది. "ముడుచుకోవడం లేదు. చూశావా, రెండు వారాలకే."

పెద్దక్క ఆ మోకాళ్లు మెల్లగా రుద్దుతూ పక్కనే కూర్చుంది.

"నువ్వు కూడా దిగుతావా?" అంది చిన్నది, తల ఎత్తకుండా. "నా ముందు నడువు. నీ కాళ్లకు తెలుస్తుందిగా. ఏ కాస్త గరుకు తగిలినా చెప్పు. నీకు తెలియకపోతే తెలియలేదని చెప్పు. నన్ను ఊరడించడానికి మాత్రం అబద్ధం చెప్పకు."

"చెప్పను."

మెట్లు దిగేటప్పుడు పెద్దక్క ముందు తను కాలు మోపి, మడమ తిప్పి, వేళ్లు రాసి, అప్పుడు "ఊఁ" అనేది. ఆ "ఊఁ" విన్నాకే చిన్నది అక్కడ అడుగు వేసేది. ఒక చేత్తో గొట్టం, ఒక చేత్తో అక్క భుజం. మాస్టారు గట్టుమీద వాళ్లతో పాటే నడిచాడు. ఒక చుట్టుకు ఇంత సమయమా అనిపించేంత నెమ్మదిగా నడిచారు. రెండో చుట్టులో, లోతు మొదలయ్యేచోట, పెద్దక్క కాలివేలికి ఏదో తగిలింది.

"ఆగు!"

చిన్నది పైకి లేపిన కాలు అలాగే ఉంచింది. పెద్దక్క మళ్లీ రాసింది. ఉందా? ఉన్నట్టే ఉంది. నా భయమేనా? మాస్టారు బట్టలతోనే దూకి, మునిగి, చేత్తో తడిమి పైకి వచ్చాడు.

"నీళ్లు పోయే మూత అంచు. గుండ్రంగా ఉంది. ఏం కాదు."

"నిజంగా?"

"నీ మీదొట్టు."

"నామీద కాదు, దానిమీద వెయ్యండి."

"బావా, వెయ్యకు, పోతాను" అంది చిన్నది, కాలు ఇంకా కింద మోపకుండానే. ఆ మాటకు మాస్టారు నవ్వబోయి నీళ్లు మింగాడు. ఆయన దగ్గిన కుదుపుకు పెద్దక్క భుజం మీద చిన్నదాని పట్టు కాస్త సడలింది, మళ్లీ బిగిసింది. మూత పక్కనుంచి చుట్టి నడిచారు.

ఆరు చుట్లు అయ్యాయి. మెట్టు మీద కూర్చోబెట్టి, పెద్దక్క తువ్వాలు అందుకుంది. ఒక పాదం అద్దింది. తువ్వాలు చూసింది. రెండోది అద్దింది. వెలుతురులోకి తిప్పి, వేళ్ల సందులు ఒక్కొక్కటే విడదీసి చూసింది. మళ్లీ మొదటి పాదం దగ్గరికి వచ్చింది.

"ఏముంది?" అంది చిన్నది.

"ఏం లేదు."

"సరిగ్గా చూశావా?"

పెద్దక్క మూడోసారి చూసింది. చెంప ఆనించింది. నీళ్ల చల్లదనం తప్ప ఏమీ తగల్లేదు.

"ఏం లేదే."

చిన్నది పాదం అక్క ఒళ్లోంచి మెల్లగా తీసుకుని మళ్లీ నీళ్లలో పెట్టింది.

"అయితే ఇంకో నాలుగు నడుద్దాం. మోకాలు ఇప్పుడిప్పుడే వదులవుతోంది."

పెద్దక్క తువ్వాలు గట్టుమీద పడేసి లేచింది. ప్రాణమంతా అరికాళ్లలోకి తెచ్చుకుని, చెల్లెలికి ఒక్క అడుగు ముందుగా నీళ్లలోకి దిగింది.